తొమ్మిది గంటలే కదా

పగ పట్టడం కౌసల్యకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఖమ్మం పిల్ల. జర్మనీలోని ఆకెన్‌లో చదివి అక్కడే ఉద్యోగంలో చేరింది. ఆ ఊళ్ళో ఏ తెలుగింట పురుడొచ్చినా బాలింతకు పథ్యం వండి పట్టుకెళ్ళే మనిషి. అంత మెత్తని పిల్లకు విషం ఎక్కించిన ఘనుడు ఆమె టీమ్ లీడ్ రవీంద్రనాథ్.

రెండేళ్ళ కిందట అక్క ఛాయాదేవి డెంగీతో ఆస్పత్రిలో పడింది. కౌసల్య పరుగున వెళ్ళి సెలవడిగింది.

"అన్నా, అక్కకు సీరియస్‌గున్నది. ఉర్లాబ్ ఇస్తె రేపే పోత."

ఆయన స్క్రీన్ మీంచి తలెత్తలేదు. "ప్రాజెక్ట్ గో-లైవ్ ముందు ఉర్లాబ్ ఏంటి తల్లీ? ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ఎంత, తొమ్మిది గంటలే కదా! ఏదన్నా అయితే అప్పుడే ఎక్కేయొచ్చు."

రెండు రోజులకే ఆ ఏదన్నా అయ్యింది. గాల్లో తొమ్మిది గంటలే, నిజమే. కానీ డైరెక్ట్ ఫ్లైట్‌లో సీటు లేదు. ఆకెన్ రైలు ఆలస్యం, గల్ఫ్‌లో పడిగాపులు, ఆపైన ఖమ్మం దాకా కారు. చెల్లెలి కోసం అక్కను ఐస్‌బాక్స్‌లో ఉంచి చూశారు, చూశారు, ఇక ఉంచకూడదన్నారు పెద్దలు. కౌసల్య దిగేసరికి వాకిట్లో షామియానా విప్పుతున్నారు. కడసారి చూపు దక్కలేదు.

అన్నవాడు మరిచిపోయాడు. పడ్డది మరవలేదు.

ఈ వేసవిలో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రవీంద్రనాథ్ మెసేజ్ పెట్టాడు: "అమ్మ ఒక్కతే హైదరాబాద్ వెళ్తోంది. ఇంగ్లిష్ రాదు. అదే ఫ్లైట్‌లో ఎవరైనా ఉంటే కాస్త తోడుండండి." కౌసల్య ఆ పూటే అదే ఫ్లైట్‌కు టికెట్ తీసుకుంది, సీటు నంబరు అడిగి మరీ పక్క సీటే.

ఎయిర్‌పోర్టులో ఆయన చేతులు జోడించాడు. "ఏమీ అనుకోకు తల్లీ, నీకు శ్రమ."

"ఎంతసేపన్నా, తొమ్మిది గంటలే కదా!"

ఆయన హాయిగా నవ్వాడు. ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు మహానుభావుడికి. అంతవరకూ కాస్త ఊగిసలాడిన కౌసల్య మనసు ఆ నవ్వుతో రాయైపోయింది.

ఆయన తల్లి మంగతాయారు మంచి మనిషి. విమానం లేవగానే సున్నుండ చేతిలో పెట్టి, "తోబుట్టువులెంతమందమ్మాయ్?" అనడిగింది.

కౌసల్య చెప్పింది. ఉప్పూ కారం కలపలేదు, ఒక్క మాటా దాచలేదు. బెల్టు కట్టుకున్న మనిషి వినక ఎక్కడికి పోతుంది? జాలేసిందా అంటే వేసింది. అయినా చెప్పడం ఆపలేదు.

"ఆ మాట మావాడే అన్నాడా?"

"అన్ననే అన్నడు ఆంటీ."

పెద్దావిడ ఇక భోజనం ముట్టలేదు.

హైదరాబాద్‌లో సామాను ట్రాలీకెక్కిస్తుంటే ఫోన్ మోగింది. మంగతాయారు స్పీకర్ పెట్టింది.

"అమ్మా, చేరావా?"

"చేరాన్రా. నువ్వు సెలవివ్వక, అక్క ఆఖరి చూపు దక్కని పిల్లే నన్ను జాగ్రత్తగా దింపింది."

ఆవిడ ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"రేపు నాకేదన్నా అయితే ఐస్‌బాక్స్ తెప్పించొద్దని నీ తమ్ముడికి చెప్పి ఉంచుతాను. నువ్వేం కంగారుపడకు. పనంతా చూసుకునే బయల్దేరు. తొమ్మిది గంటలే కదా!"

"అమ్మా, అలా అనకే..." అంటూ ఆయన బావురుమన్నాడు.

కౌసల్య చెవులారా విన్నది. ఏడుపు ఆగేదాకా ట్రాలీ కదపలేదు.