ఉప్పునీళ్ళు, నీలం మగ్గు

నిన్న మధ్యాహ్నం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాట్‌లో కరెంటు పోయింది. ఆ సంగతి మూలనున్న ఇన్వర్టరు కుయ్‌మంటే గానీ తెలియలేదు, ఈ రోజుల్లో లేనిదాని గురించి కూడా ఇంకో యంత్రమే చెప్పాలి. చేపలతొట్టిలో మోటారు ఆగనే లేదు. అయినా నా చెయ్యి దానంతటది పక్కన వేలాడుతున్న నీలం ప్లాస్టిక్ మగ్గు మీదికి పోయింది. ముప్పై మూడేళ్ళవాడు జ్ఞాపకాలు రాయకూడదని నాకూ తెలుసు. కానీ ఈఎంఐలకీ నడుంనొప్పికీ ఒకేసారి అలవాటు పడుతున్న నా ఈడువాళ్ళు క్షమిస్తారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

నాయన బెంగళూరు శివారు కాడుగోడిలో ముప్పై ఏళ్ళు పిండిమిషను నడిపాడు. ఆ కట్టడం అమ్ముడుపోయి, మిషను పాత ఇనుముకింద వెళ్ళిపోయాక, అమ్మ అప్పటికే లేదు గనుక, నా దగ్గరికి వచ్చాడు. కనుబొమల మీద పిండి లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూసి ఉండలేదేమో, సోఫా అంచున కూర్చుంటే ఎవరో పరాయి మనిషి పనిమీద వచ్చి పిలుపుకోసం ఎదురుచూస్తున్నట్టుండేది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అలా మాట్లాడని మనిషికి తోడుగా అసలు మాటే రాని ప్రాణుల్ని తేవాలని నాకు తోచింది. అదీ మామూలు చేపలు కాదు, సముద్రం చేపలు. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, బెంగళూరులో, సముద్రానికి ఇంత దూరాన, ఫిల్టరు నీళ్ళలో ఉప్పు కలిపి సముద్రం తయారుచేయడానికి కూర్చున్నాను.

ఈ ఉప్పునీటి తొట్టి కొత్తగా పెట్టేవాళ్ళకు మొదటి పరీక్ష, చేపలు లేకుండా నెలరోజులు చేపలతొట్టిని చూస్తూ కూర్చోవడం. రాళ్ళలోనూ ఫిల్టరు స్పాంజిలోనూ కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరగాలి, రేపు చేపలు చేసే మలినాన్ని విషం కాకుండా తినిపెట్టేది అవే.

"చేపలు యాడుండాయప్పా?" అన్నాడు నాయన మూడోరోజు.

"ఇంకా రాలేదు నాయనా, నెల పడతాది."

"మల్ల ఈ మోటారు ఎవురికోసం తిరగతా ఉండాది?"

సూక్ష్మజీవుల కథ చెప్పబోయి, పెద్దాయనకెందుకులే అని, నీళ్ళు కుదురుకోవాలని చెప్పి తేల్చేశాను. నా జీవితంలో ఇంతకంటే పెద్ద బద్ధకాలున్నాయి గానీ, ఇంత ఖరీదైనది లేదు.

నెల తిరిగాక నారింజరంగు మీద తెల్లపట్టీలున్న చేపల జత వచ్చింది. ఆవిరైనంత మేర రోజూ మంచినీళ్ళు పోయాలి గనుక, గాజు మీద గీత గీసి ఆ పని నాయనకు అప్పగించాను. మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే స్నానంచేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని మరీ డ్యూటీకి వచ్చేవాడు. "ఏమప్పా, నిద్ర పట్టిందా?" అని చేపల్ని అడిగేవాడు. నన్ను ఎన్నడూ అడగలేదు, అది వేరే విషయం.

ఆయుధపూజ వచ్చింది. మా ఆఫీసులో కంప్యూటర్లకు కుంకుమ పెట్టి, బొరుగుల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చేసరికి తొట్టి తళతళా మెరిసిపోతోంది. నలుమూలలా నిమ్మకాయలు, గాజుకు చామంతి దండ, పసుపుబొట్లు. చేపల్ని జాగ్రత్తగా బకెట్లోకి తీసి, రాళ్ళన్నీ కొళాయికింద పెట్టి బ్రష్షుతో తోమి, స్పాంజిని పిండి పిండి తెల్లగా చేశాడు. నెలరోజులు పెంచిన ప్రాణమంతా సింకులోంచి పోయింది.

"మోటారుండే మిషను గదప్పా. కడగకుండా పూజ ఎట్ల జేసేది?" అన్నాడు. ఆ ఏడాది పూజ చేసుకోవడానికి ఆయనకు ఇంకో మిషను లేదు. ముఖంలో ఆ వెలుగు చూశాక బొరుగుల పొట్లం చేతిలో పెట్టాను.

ఆ రాత్రే కొత్త నీళ్ళు మార్చాను, మర్నాడూ మార్చాను. నాలుగోరోజుకు ఒకటి, ఐదోరోజుకు రెండోది పోయాయి. నాయన తొట్టి ముందు నిలబడి, నావైపు చూడకుండా, "నేనేమన్నా జేసినానా?" అన్నాడు. మొన్న రాత్రి ఆయన నిద్రపోయాక రెండు గంటలు కరెంటు పోయిందనీ, మోటారు ఆగి గాలాడక చచ్చిపోయాయనీ చెప్పాను. దయ అనుకునేరు. వివరించే ఓపిక లేక ఆడిన అబద్ధం, దయలా కనబడటం దాని అదృష్టం.

మళ్ళీ నెల ఆగి, ఇంకో జతను తెచ్చాను. ఈసారి సూక్ష్మజీవుల సంగతీ చెప్పాను, తోమొద్దనీ చెప్పాను, పాతవాటి సంగతి మాత్రం దాటేశాను. కానీ ఆయన నమ్మింది మొదట చెప్పిన కరెంటు మాటనే. అప్పటికి ఇన్వర్టరు లేదు, మా అపార్ట్‌మెంటు జనరేటరుకు లిఫ్టూ వరండా దీపాలే కనబడేవి. కరెంటు పోయిందంటే చాలు, నాయన స్టూలు లాక్కుని ఈ నీలం మగ్గుతో నీళ్ళు తోడి ఎత్తునుంచి పోస్తూ కూర్చునేవాడు, గాలి కలవాలని. ఎండాకాలంలో గంటలు గంటలు. కుడిభుజం పట్టేసింది, ఎడమచేత్తో పోశాడు. బ్యాటరీ పంపు తెచ్చిస్తే దాన్ని నమ్మలేదు. కాడుగోడిలో పాత స్నేహితుడి మనవరాలి పెళ్ళికి పిలుపొస్తే, "నేను పోతే, కరెంటు పోతే ఎవురుండారప్పా ఈడ?" అన్నాడు. వెళ్ళలేదు. తర్వాత ఆ స్నేహితుడే పోయాడు. అప్పుడూ వెళ్ళలేదు.

నిజం ఒక్క నిమిషం పని. చెబితే తన చేతులతో తానే చంపానని తెలుస్తుంది, చెప్పకపోతే స్టూలు మీద కూర్చుంటాడు. రెండేళ్ళు కూర్చున్నాడు.

మూడో ఏడు వానాకాలంలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నాయన మాస్కు పక్కకు జరుపుకుని నన్ను చివరిసారిగా అడిగింది ఒక్కటే.

"ఇంట్లో కరెంటు ఉండాదా?"

"ఉండాది నాయనా," అన్నాను. చూసుకోలేదు. అదీ అబద్ధమేనేమో.

ఇప్పుడు కరెంటు పోవడం తగ్గింది, పోయినా ఇన్వర్టరు ఉంది. మిషను కొట్టు ఉన్నచోట ఫోన్ల షోరూము వచ్చింది, పిండి పాకెట్లలో వస్తోంది. ఆయుధపూజకు గాజు బయట ఒక్క కుంకుమబొట్టు పెట్టి ఊరుకుంటాను. నిన్న అవసరం లేకపోయినా స్టూలు లాక్కుని కాసేపు నీళ్ళు తోడి పోశాను. ఆ రెండో జత చేపలూ పైకి వచ్చాయి. నాయన వచ్చాడనుకున్నాయని రాస్తే బాగుండేది గానీ, మేత అనుకుని వచ్చాయి. లేదని తెలిసి వెళ్ళిపోయాయి. భుజం నొప్పెట్టడానికి పదినిమిషాలు పట్టింది.