సరస్వతి మేడం ఇచ్చిన సాక్ష్యం

ఈ ఉదయం కర్నూలు కోర్టు వరండాలో ఒక పెద్దావిడ కాగితం మీద వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన ఇంకును తలవెంట్రుకలకు తుడుచుకుంది. స్టాంపు ప్యాడ్ ఘాటు వాసన ముక్కుకు తగలగానే సరస్వతి మేడం గుర్తొచ్చారు. ఆత్మకూరు నుంచి వచ్చి ఇక్కడ వకీలుగా స్థిరపడిన మనిషి. నేను ఆమె దగ్గర జూనియర్‌గా చేరాను. ఆమె గొంతు పెంచి వాదించగా ఎప్పుడూ చూడలేదు. అయినా ఆమె లేచి నిలబడితే చాలు, ఎదుటి వకీలు తన కాగితాలు మరోసారి చూసుకునేవాడు.

ఆలూరు దగ్గరి రైతు హనుమన్న పొలానికి పోయే బండిదారిని పక్కవాళ్లు కంచె వేసి మూసేశారు. మరునాటికల్లా అఫిడవిట్ దాఖలు చేయాలి. తల్లికి జబ్బు చేసి హనుమన్న రాలేకపోయాడు. అతను చెప్పిన విషయాలే కదా అనుకుని అతని పేరున సంతకం నేనే పెట్టేశాను. మేడంకు చెప్పలేదు. కంచె తీయమని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పది రోజులకు హనుమన్న వచ్చాడు. మేడం అఫిడవిట్ చదివి వినిపించి, "కింద సంతకం నీదే కదప్పా?" అన్నారు.

అతను నవ్వాడు. "నాకు సంతకం యాడ వస్తాదమ్మా? ఏలిముద్రే."

అతన్ని బయట కూర్చోమని పంపాక మేడం నా వైపు తిరిగారు. "ఎవురు చేసినారు?"

"నేనే మేడం."

"రేపు కోర్టులో మనమే చెప్దాం."

"చెప్తే వాదించేదానికి ఇచ్చిన నా సన్నదు పోతాది మేడం. ఎవురికీ తెలీదు కదా."

"ఆయప్పకు తెలుసు. బోనులో నిలబెట్టి అడిగితే ఏం చెప్పాల? నీకోసం అబద్ధం ఆడాల్నా?"

మరునాడు జడ్జి ముందు ఆమె నా పక్కనే నిలబడ్డారు. ఉత్తర్వు రద్దయింది, కంచె మళ్లీ లేచింది. ఆ సంవత్సరం హనుమన్న వేరుశనగ మూటలు తలమీద మోసుకుని చుట్టూ తిరిగి వచ్చాడు. నా మీద ఫిర్యాదు బార్ కౌన్సిల్‌కు వెళ్లింది. విచారణలో మేడం సాక్షి. నా తరఫున ఒక్క మాటైనా మెత్తగా చెబుతారని ఆశపడ్డాను. ఆమె జరిగింది జరిగినట్టే చెప్పారు.

"మీ జూనియర్ మంచిదేనా?" అని అడిగారు కమిటీవాళ్లు.

"మంచిదే. తప్పూ చేసింది. రెండూ రాసుకోండి. ఆ కాగితం సరిగా చూడకుండా కోర్టుకు పంపింది నేను, నా పేరు కూడా రాయండి."

నాకు ఏడాది నిషేధం. మచ్చలేని ఆమెకు మందలింపు. సొంత మనిషినే పట్టించిందని వరండాలో నవ్వుకున్నవాళ్లున్నారు. కోపంతో నేనూ ఆమె ఫోన్లు ఎత్తలేదు. గడువు ముగిసిన రోజు ఆమే మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే అన్నారు: "సోమవారం హనుమన్న కేసు ఉండాది. నువ్వు వాదించు."

"ఆయప్ప ఒప్పుకుంటాడా మేడం?"

"అడిగినా. 'ఆయమ్మ నిజం ఒప్పుకునింది కదా, ఆయమ్మనే రానీ' అన్నాడు."

వెళ్లాను. వాదించినంతసేపూ ఆమె నా వెనక కుర్చీలో కూర్చున్నారు. ఈసారి అతని వేలిముద్ర మీదే దారి తిరిగి వచ్చింది.

మేడం ఇప్పుడు లేరు. ఏ పదవికి దరఖాస్తు పెట్టినా అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మీపై ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా? 'అవును' అని రాస్తాను. వివరాలకు వాళ్లిచ్చే చోటు సరిపోదు. విడిగా ఒక తెల్లకాగితం తీసుకుని, మొత్తం రాసి, జతచేస్తాను.