కొప్పులో నూలు

మా మిల్లు పనివాళ్ళ ఇళ్ళ లైన్లలో ఆడవాళ్ళ గురించి మదనపల్లెలో ఒక మాట గొప్పగా చెప్పుకుంటారు. పెళ్ళయిన ఆడవాళ్ళు కొప్పులు మాని జడలు వేసుకుని పనికి పోవడం ఈ చుట్టుపక్కల మొదలుపెట్టింది వాళ్ళేనట. నాగరికత మిల్లుతోనే వచ్చిందట. నా ఎదురుగానే ఈ మాట చాలాసార్లు అన్నారు. నేను అవునని తల ఊపాను. లైన్లు కట్టిన నాటినుంచి ఉన్న మనిషిని కాబట్టి నేను తల ఊపితే దానికి కాస్త విలువ ఉంటుంది. ఆ జడలు ఎందుకు వచ్చాయో నాకు తెలుసు. దానికి కారణం నేనే. అందులో గొప్ప ఏమీ లేదు.

మాది పుంగనూరు, నేతపనివాళ్ళ వీధి. నన్ను కని అమ్మ పోతే, అమ్మకు అక్క అయిన మా పెద్దమ్మ నన్ను పెంచింది. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు కూడా తొందరగానే పోయాడు. వీధిలో ఎవరి మగ్గం మీద పడుగు తెగినా పెద్దమ్మను పిలుచుకునిపోయేవాళ్ళు. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి నులిమిందంటే అతుకు ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకుని వెతికినా దొరికేది కాదు. అతకడానికి జానెడు నూలు కావాలి. రెండు చేతులూ పడుగులో ఉంటాయి కదా, అందుకని మా వీధి ఆడవాళ్ళు జానెడు జానెడు పోగులు కొన్ని చిన్న కట్టగా కట్టి కొప్పులో దోపుకునేవాళ్ళు. రెండు వేళ్ళతో ఒక పోగు లాగడం, అతకడం, మళ్ళీ ఇంకొకటి. పన్నెండో ఏట నా జుట్టు ముడికి అందినప్పుడు పెద్దమ్మే మొదటి కట్ట దోపింది. ఆ రోజు నేను వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు ఊరికే తిరిగాను.

యుద్ధం వచ్చి నూలు మీద కంట్రోలు పెట్టాక మా వీధి మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. మగ్గం చప్పుడు లేని పొద్దు ఎట్లుంటుందో మాకు అంతకుముందు తెలియదు. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. మదనపల్లె బయట చెనక్కాయల చేలల్లో నూలుమిల్లు లేస్తున్నదని, పని చేసేవాళ్ళకు ఇల్లు కూడా ఇస్తారని తెలిసి నేనూ నా మొగుడూ బొగ్గుతో నడిచే బస్సెక్కి వచ్చేశాము. అతనికి దూది ఏకే చోట పని దొరికింది. నాకు రీలింగులో, అంటే కండెల నూలును చిలపలుగా చుట్టే చోట.

అప్పటికి లైన్లు నాలుగు వరసలే. మట్టిగోడలు, నాటు పెంకులు, ఇంటికి ఒక గది, ఒక వంటిల్లు. అందరికీ కలిపి ఒకటే కొళాయి. పుంగనూరు, రామసముద్రం, బి.కొత్తకోట నుంచి వచ్చినవాళ్ళు ఎవరి ఊరివాళ్ళు వాళ్ళ వరసలో ఉందామని చూశారు. మిల్లువాళ్ళు పేర్ల పట్టీ ప్రకారం కలిపేశారు. రామసముద్రం ముసలాయన ఒకాయన ఇల్లు చేతికొచ్చిన మరుసటి రోజే గదిలో కాళ్ళు దించుకునే మగ్గం గుంత తవ్వేశాడు. మగ్గం ఎక్కడుందని అడిగితే ముందు గుంత ఉండాలి కదా అన్నాడు. ఆ గుంతను ఆయన చేతనే పూడ్పించారు. వంటకు చెనక్కాయల పొట్టు కాల్చేవాళ్ళం కాబట్టి సాయంత్రమైతే లైన్లన్నీ ఒకటే పొగ. సంగు కూస్తే లేవడం, కూస్తే తినడం. సంగు అంటే మిల్లు కూత. మొదటి నెలలో దాన్ని విని కుక్కలు కూడా ఊళ పెట్టేవి, తరువాత వాటికీ అలవాటైపోయింది.

ఆరు నెలలకు పెద్దమ్మను నేనే పిలిపించాను. పుంగనూరులో ఆమెకు పనీ లేదు, తిండీ సరిగా లేదు. రీలింగులో ఆమె చేతులు చూసి మేస్త్రి నోరు తెరిచాడు. మా వరసలోనే చివరి ఇల్లు ఆమెకు వచ్చింది. తన పేరు మీద ఇల్లు ఉండడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. వాకిలి అలికి, ముగ్గు వేసి, ఎదురుగా నిలబడి చాలాసేపు చూసుకునింది.

"నా ఇల్లు పాపా ఇది! ఎవురూ పొమ్మనే పని లేదు" అనింది.

ఆ మాట నేను మరిచిపోతే ఎంత బాగుండేదో.

నేను ఐదో తరగతి దాకా చదివాను. లైన్లలో ఆడవాళ్ళకు అదే పెద్ద చదువు. అందుకని మిల్లు గేటు దగ్గర ఆడవాళ్ళను తడిమి చూసే పని నాకు ఇచ్చారు. యుద్ధకాలంలో నూలంటే బంగారం కాబట్టి మగవాళ్ళకొక జవాను, ఆడవాళ్ళకు నేను. ఒక ఖాకీ రవిక, ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. ఆ బిళ్ళను చింతపండుతో తోమి మెరిపించేదాన్ని. నిన్నటిదాకా నా పక్కన కూర్చుని చిలపలు చుట్టినవాళ్ళ నడుములూ ఒళ్ళూ తడుముతూ "ఊఁ, పో" అనేదాన్ని. వాళ్ళు నవ్వుతూనే చేతులెత్తి నిలబడేవాళ్ళు. ఆ నవ్వు ఎన్నాళ్ళకు తగ్గిందో నేను గమనించలేదు. బిళ్ళ తోముకోవడంలోనే సరిపోయింది.

ఒకనాడు మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిపించాడు. కోయంబత్తూరు వైపు మనిషి, తెలుగు నింపాదిగా మాట్లాడేవాడు. రీలింగులో నూలు తూకం తగ్గుతున్నది, ఆడవాళ్ళు ఎక్కడ పెట్టుకుని పోతున్నారో నీకేమైనా తెలుసా అని అడిగాడు. కూర్చోమని కుర్చీ చూపించాడు. నా జీవితంలో నేను కూర్చున్న మొదటి కుర్చీ అదే. ఆ కుర్చీకి తగ్గ మాట ఏదైనా చెప్పాలనిపించింది.

"కొప్పులో సూడాల సార్. మా వీధి ఆడోళ్ళు నూలు పెట్టుకునేది కొప్పులోనే" అన్నాను.

ఎందుకు పెట్టుకుంటారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. జానెడు పోగుల కట్ట తూకానికి కూడా రాదని చెప్పలేదు. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. నేను బయటికి వచ్చేటప్పుడు నా నడకే మారిపోయింది.

మరుసటి రోజు సాయంత్రం సంగు కూశాక మేనేజరే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆడవాళ్ళందరి కొప్పులూ విప్పి చూడమన్నాడు. పదిమందిలో జుట్టు విప్పుకోవడమంటే మా వైపు చావు ఇంట్లో తప్ప చేయరు. అయినా నేను కాదనలేదు. మొదట నిలబడింది లైన్లలో మా పక్కింటి సాయిబులామె. ఆమె కొప్పులో ఏమీ లేదు. రెండో మనిషి పెద్దమ్మ.

"కొప్పు ఇప్పు పెద్దమ్మా" అన్నాను.

"యాల పాపా?"

"ఆర్డరు."

ఆమెకు నవ్వొచ్చింది. "నువ్వే ఇప్పు. పొద్దన్నుంచి చుట్టి చుట్టి చేతులు పైకి లేయడం లేదు" అని నా ముందు తల వంచింది.

నేను విప్పాను. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది, కట్ట నేల మీద పడింది. చిటికెనవేలంత లావు కూడా లేదు. పెద్దమ్మ గబుక్కున వంగి దాన్ని తీసి కళ్ళకు అద్దుకుని మళ్ళీ తలలో పెట్టుకోబోయింది. నూలు నేల మీద పడితే మా వాళ్ళు అట్లే చేస్తారు. మేనేజరుకు మాత్రం దొంగసొత్తు చేజారితే తిరిగి దాచుకుంటున్నట్టు కనిపించి ఉంటుంది. ఆమె చేతిలోనుంచి కట్టను తీసుకోమని జవానుకు చెప్పాడు.

"అతికేదానికి పెట్టుకుంటి సామీ. తెగినప్పుడు కావాల గదా, అలవాటు. పాపను అడగండి, దానికి తెలుసు" అనింది పెద్దమ్మ. ఆమె గొంతులో భయం లేదు. నేను ఉన్నాను కదా.

మేనేజరు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, మీది ఒకటే వీధి కదా? ఇట్లాంటి అలవాటు నిజంగా ఉందా?"

నిజం చెప్తే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆయన కాస్త విసుక్కుని, ఇకమీదట వద్దని చెప్పి పంపేవాడు. కానీ నాకు ఆ క్షణంలో గుర్తుకొచ్చింది పెద్దమ్మ కాదు. నా కొప్పులో కూడా అట్లాంటి కట్టే ఉంది. గేటు పనిలోకి వచ్చినా అలవాటు పోక, పొద్దున జుట్టు ముడి వేసుకునేటప్పుడు చెయ్యి దానంతటదే దోపేసేది. మా అందరికీ ఉండే అలవాటు అంటే, నీదీ విప్పమని అంటాడు. బిళ్ళ పోతుంది, ఇల్లు పోతుంది, నా మొగుడి పని కూడా పోతుంది. ఇదంతా రెప్పపాటులో లెక్క కట్టాను. పెద్దమ్మకు ఏమవుతుందో మాత్రం ఆ లెక్కలో రాలేదు.

"అట్లాంటిదేమీ లేదు సార్" అన్నాను.

పెద్దమ్మ నా ముఖంలోకి ఒకసారి చూసింది. తరువాత ఒక్క మాట మాట్లాడకుండా, ఏడవకుండా, జుట్టు ముడి వేసుకుంటూ లైన్ల వైపు గబగబా నడిచిపోయింది. దొంగ కాబట్టే నోరు మూసుకునిందని జవాను అన్నాడు. నేను మూడో మనిషి కొప్పు మీద చెయ్యి వేశాను. వెనక ఉన్నవాళ్ళు అప్పటికే తమ కట్టలు తీసి పారేసి ఉంటారు, ఇంకెవరి కొప్పులోనూ ఏమీ దొరకలేదు.

మరుసటి రోజు పట్టీలో ఆమె పేరు కొట్టేశారు. మూడు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఆ మూడు రోజులూ నేను ఆ చివరి ఇంటి వైపు పోలేదు. కొళాయికి కూడా ఆమె లేని సమయం చూసి పోయాను. ఆమె పెట్టెను బస్టాండు దాకా మోసింది నా మొగుడు. తిరిగి వచ్చి, "ఒక్క మాట సెప్పలేకపోతివా నువ్వు?" అని అడిగాడు. ఇంటిల్లిపాదీ అడుక్కు తినాలా అని అతని మీద అరిచాను. నా కట్టను గేటు నుంచి వచ్చిన సాయంత్రమే పొయ్యిలో వేసేశాను. నూలును కాల్చడం మా వీధిలో ఎవరూ ఎప్పుడూ చేయని పని.

మిగిలినవాళ్ళు నన్ను తిట్టలేదు. వాళ్ళు చేసింది వేరే. మరుసటి వారం సాయిబులామె నున్నగా జడ వేసుకుని వచ్చి నా ముందు నిలబడి, "సూసుకోమ్మా, ఇప్పే శ్రమ లేదు నీకు" అనింది. ఆ తరువాత ఒకరొకరుగా అందరూ జడలు వేశారు. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు, మనవలున్నవాళ్ళు కూడా. టౌనులో జనం చూసి ముక్కున వేలేసుకున్నారు. కొన్నాళ్ళకు టౌను ఆడవాళ్ళు కూడా వేసుకోవడం మొదలుపెట్టారు. మదనపల్లెలో గొప్పగా చెప్పుకునే నాగరికత ఇదే.

పెద్దమ్మ కుప్పంలో తన తమ్ముడింటికి చేరిందని తెలిసింది. ఆయన అంటే నాకూ మేనమామే, అయినా పోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు నా మొగుడి తరఫు పెళ్ళికి కుప్పం పోవలసి వచ్చింది. పెద్దమ్మ కోసమని పోయి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. పెళ్ళిలో మేనమామ కనబడి చెయ్యి పట్టుకుని లాక్కునిపోయాడు కాబట్టి పోయాను.

ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. అంగడివాళ్ళు గంపల లెక్కన కూలి ఇస్తారట. చింతపండు పులుపుకు వేళ్ళ కొసలు పగిలి నల్లబడ్డాయి. అతుకు కనబడకుండా అతికిన వేళ్ళవి. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, ఏమీ జరగనట్టే లోపలికి పిలిచింది. సంగటి చేసి, పితికిపప్పు పులుసు పోసి నా ముందు పెట్టింది. నేను అప్పటికీ గేటు దగ్గరే ఉన్నానని మేనమామ ఆమెకు చెప్పి ఉన్నాడు. ఒకవేళ ఎదురుపడితే అని బస్సులో మూడు గంటలు అనుకుంటూ వచ్చిన మాటలన్నీ వదిలేసి సంగటి ముద్ద విరిచాను. ఆమే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు నీ కొప్పులో గూడా నూలుండె గదా పాపా."

నా చెయ్యి సంగటి మీదనే ఆగిపోయింది.

"ఒక పోగు మెడ మీదికి యాలాడతా ఉండె. నువ్వు లేదని సెప్పినప్పుడు నీ మొగం సూస్తి, ఆ పోగూ సూస్తి. ఆయప్ప యాడ సూస్తాడో అని నాకు పేణం జల్లుమనె. ఇంగ నేను ఆడ నిలబడి మాట్లాడేకొద్దీ ఆయప్ప నీ పక్కే సూస్తాంటాడు. అందుకే బిరబిరా పోతి."

నేను ఆమె కాళ్ళ మీద పడి ఉండవలసింది. కనీసం ఏడ్చి ఉండవలసింది. నా నోట్లోనుంచి వచ్చిన మాట అది కాదు.

"ఎవురికైనా సెప్తివా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎవురికి సెప్తాను పాపా? తిను, సల్లారిపోతాది" అని ఇంకొంచెం పులుసు పోసింది.

నేను పళ్ళెంలో ఏమీ మిగలకుండా తిన్నాను. తింటున్నంతసేపూ నా మనసుకు ఎంతో హాయిగా ఉండింది.