చరఖా తెలిసిన చెవి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటూ బీటెక్ చదివేదాన్ని. ఆ రోజు బంద్, రిపేరు షాపులన్నీ మూసేశారు. మర్నాడే ప్రాజెక్టు ఇవ్వాలి. నా ల్యాప్‌టాప్ ఏమో గుర్రుమంటూ వేడెక్కి, మాటిమాటికీ ఆగిపోతోంది.

ఇంటి ఓనరుగారు పోచంపల్లిలో మగ్గం నేసిన మనిషి, కంప్యూటర్ ఎన్నడూ ముట్టలేదు. ఊరేగింపు నుంచి వచ్చి, నా ఏడుపు ముఖం చూసి, ల్యాప్‌టాప్‌కి చెవి ఆనించారు.

"ఏడ పెట్టి చేస్తవ్ బిడ్డా?"

"పరుపు మీదేనండి అంకుల్."

"దూది చిక్కింది. చరఖాల చిక్కినా గిట్లనే మొత్తుకుంటది. బంద్ చెయ్."

ల్యాప్‌టాప్ పక్కనున్న గాలి జాలీలోకి సూది పోనిచ్చి, తెగకుండా, వేలెడంత దూది పోగు లాగారు. మళ్లీ ఆన్ చేస్తే చప్పుడే లేదు.

ఆ మోత నెల్లాళ్లుగా నా చెవిన పడుతూనే ఉంది. విన్నది మాత్రం ఆయనే.