అక్కా అందో, వదినా అందో

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండమ్మా, గట్టిగా చెప్పుకునే మాట కాదిది.

నేను చదివింది మూడో తరగతి. అయినా తెనాలి, రేపల్లె, బాపట్లల్లో మా బంధువులు ఎవరికి సంబంధం చూసినా ముందు నన్నే అడిగేవాళ్ళు, "వరస కలుస్తుందా, చెప్పు" అని. నాలుగు తరాలు వెనక్కి వెళ్ళి ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పేదాన్ని. నేను కాదంటే ఆ సంబంధం అక్కడితో సరి.

రెండేళ్ళుగా నా బుర్రలోంచి ఏదో జారిపోతోంది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడటం కాదు, అది అందరికీ ఉండేదే. తెలిసిన మనిషి ఎదురొస్తే ఏమని పిలవాలో నోటికి రాదు. రేపల్లెలో ఉన్న మా చెల్లెలికి చెబితే నవ్వింది. "నీకు మతిమరుపేంటే అక్కా? నా పెళ్ళిలో ఎవరెవరు అలిగారో ఇప్పటికీ దెప్పుతావు!"

దాని కొడుకు కూతురికే బాపట్ల సంబంధం వచ్చింది. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు. మాటలకు నన్నూ తీసుకెళ్ళారు. కాఫీలు తాగుతుంటే పిల్లాడి తండ్రి సరదాగా అడిగాడు. "పెద్దమ్మగారూ, మీకు అందరి వరసలూ తెలుసంటగా. మరి నేనేమవుతానండీ?"

"కొడుకువవుతావు నాయనా" అన్నాను.

అతను కాఫీ కప్పు కింద పెట్టేశాడు. చెల్లెలి కొడుకు నాకు కొడుకే. ఇతనూ కొడుకైతే ఇద్దరూ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు! మర్యాదకి పెద్దమ్మగారూ అన్నాడు, ఆ పిలుపు పట్టుకుని నా నోరు కొడుకనేసిందేమో.

"నోరు జారిందయ్యా, నాకు గుర్తులేదు" అన్నాను.

"మీరు మర్చిపోవటమేంటండి, మా కోసం మొహమాటపడకండి" అన్నాడతను.

ఆ పిల్లాడి తండ్రికి నాన్నమ్మ ఉండేది, ఆవిడది కొల్లూరు. మా అమ్మ ఆవిణ్ణి అక్కా అని పిలిచి ఉంటే ఇతను నాకు మేనల్లుడి వరస, పెళ్ళికి అడ్డులేదు. వదినా అని పిలిచి ఉంటే కొడుకు. ఆవిడ ముక్కుపుడకలో ఎర్రరాయి, ఏటి మధ్య లంకలోంచి మాకు పంపించిన అరటిగెలలు, అన్నీ కళ్ళకు కట్టినట్టున్నాయి. గుమ్మంలో నిలబడి అమ్మ ఆవిణ్ణి పిలుస్తుంటుంది. పెదాలు కదులుతాయి. మాట వినపడదు. అడుగుదామంటే ఆ తరంలో ఎవరూ మిగల్లేదు.

తెనాలిలో డాక్టరు దగ్గరికెళ్ళాను, మతి తప్పుతోందని కాగితం రాసిస్తే వీళ్ళు నమ్ముతారని. ఇవాళ ఏ వారం అన్నాడు, వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. అన్నీ చెప్పేశాను.

"మీ జ్ఞాపకం నాకంటే బాగుందమ్మా."

"బాబ్బాబు, బాగాలేదని రాయండి" అని చేతులు పట్టుకున్నాను. ఆయన నవ్వి తర్వాతి పేషెంటును పిలిచాడు.

సంబంధం వదిలేసుకున్నారు. "నువ్వు చెప్పాక ఇంకేముందే" అంటుంది చెల్లెలు ఫోనులో. మనవరాలు నాతో మాట్లాడదు. పొద్దస్తమానం అమ్మ పెదాల వంకే చూస్తూ కూర్చుంటున్నాను. ఒకపూట అక్కా అన్నట్టుంటుంది, ఒకపూట వదినా అన్నట్టుంటుంది. రెండూ నేను కల్పించుకుంటున్నవే.

మీరైనా నమ్మండి తల్లీ. మీ ఇంట్లో మంచి మాటకు ఎవరి నోరూ అడ్డుపడకూడదు. మీ పిల్లలు కోరుకున్నవాళ్ళతోనే పీటల మీద కూర్చోవాలి. మీ గడప పసుపు ఎప్పుడూ ఆరకూడదు.