వంతులవారీ అన్యుడు

మునగాలలో మా సంఘానికి ఒక నియమం ఉంది. ప్రతి ఆదివారం ఒక ఇంటివాళ్లు, ప్రభువును ఎరగని మనిషిని ఒకరిని ఆరాధనకు తీసుకురావాలి. ఆదివారమని నాట్లు ఆగుతాయా, దాబాలు మూస్తారా? మా వాడలో ఆ రోజు ఖాళీగా దొరికేది దుకాణం మూసుకునే టైలరన్న ఒక్కడే. అందుకని ఇంటింటికీ వంతు వేసుకుని ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లం. ప్రతిసారీ ముందు వరుసలో కూర్చోబెట్టి, కొత్తగా వచ్చాడని చప్పట్లు కొట్టేవాళ్లం. పాటలో రెండో చరణం మేం మరిచిపోతే ఆయనే అందించేవాడు.

ఒక ఆదివారం ఆయన లేచి నిలబడి, బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకైతే ఒళ్లు మండింది. వచ్చే వారం వంతు మాది మరి.

తెల్లారి దుకాణానికి వెళ్లి, "అన్నా, జర ఒక్క వారం ఆగరాదు. మా వంతు అయినంక తీస్కో," అన్నాను.

ఆయన మిషన్ ఆపకుండానే, "ఆగుత చెల్లె, నాకు అలవాటే," అన్నాడు. "నిరుడు మీ అత్తమ్మ వచ్చి ఆపింది. అంతకుముందేడు పాస్టరమ్మ వచ్చింది, వాళ్లింటి వంతున్నదని."