గేటు కాడికి ఎల్లకే

హాకీ హాస్టలుకు ఆడపిల్లల్ని ఎంపిక చేసే సెలక్షన్లు జంషెడ్‌పూర్ మైదానంలోనే పెడుతున్నారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ ఏడాది పోతే నాకు వయసు దాటిపోతుంది. ఉన్నది ఒక్క అవకాశం. మా పీటీ టీచరు ఒకటే మాట చెప్పింది. మధ్యాహ్నం పేర్లు పిలుస్తారు, పిలిచినప్పుడు లేకపోతే లేనట్టే.

మాది బాగ్‌బేరా, రైల్వే క్వార్టరు. నాన్న గ్యాంగుమన్. ఆ వారం లైను పని మీద దూరంగా ఉన్నాడు కాబట్టి ఆయన సైకిలు నాకు దొరికింది. ముందురోజు సాయంత్రం వంటింటి గడపలో కూర్చుని ఫోనులో దారి చూసుకుంటున్నాను. రైలు గేటు దాటి యార్డు పక్క రోడ్డు పట్టుకుంటే మైదానం దగ్గరే. ఇంకో దారి జుగ్సలాయి బజారులోంచి, అది బాగా చుట్టు.

అమ్మ రొట్టెలు వత్తుతోంది. ఫోను వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఏ దారినెల్తావో గానీ, గేటు కాడికి మాత్రం ఎల్లకే. ఎంత చుట్టయినా తిరిగెల్లు."

"క్యోం మమ్మీ? వహీ తో షార్ట్‌కట్ హై." అమ్మ తెలుగులో అంటుంది, నేను హిందీలో జవాబిస్తాను. మా ఇంట్లో అలాగే గడుస్తుంది.

"నీ షార్ట్‌కట్టు తగలెయ్య! ఒట్టెయ్యి." పిండి చేత్తోనే నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "ఎల్లావంటే నన్ను సంపుకున్నట్టే."

తల్లి నెత్తిన చెయ్యి పెట్టాక ఇంకేం చేస్తాను? "గేటు పడిపోనాదే, అందుకే ఆలీసం" అని నాన్న అంటుంటే విని పెరిగినదాన్ని. మా వీధిలో గేటంటే రైలు గేటే. పట్టాలంటే భయం కాబోలు అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. అయినా జుగ్సలాయి దారే ఖాయం చేసుకున్నాను.

మర్నాడు బజారులో గోదాముల ముందు లారీలు అడ్డంగా పెట్టి సరుకు దించుతున్నారు. సైకిలు దిగి నడిపించాను. "హటో, హటో" అంటూ తోపుడుబండ్ల ఠేలావాళ్లు నన్నే తోసుకుంటూ పోయారు. ఎలాగో బయటపడి పెద్ద రోడ్డెక్కేసరికి, ఖర్మ కాకపోతే, ఉక్కు కంపెనీలో షిఫ్టు మారే వేళయింది. లోపలికెళ్లేవాళ్లు, బయటికొచ్చేవాళ్లు, సైకిళ్లు, మోటారుసైకిళ్లు, వాటి మధ్య ఇనుము మోసే ట్రెయిలర్లు. ఒక ట్రెయిలరు నా హాకీ స్టిక్కును రాసుకుంటూ పోయింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. జనం పలచబడేదాకా కదల్లేకపోయాను.

మైదానం చేరేసరికి ఆట మొదలైపోయింది. నా పేరు పిలిచారట, కొట్టేశారట. బతిమాలాను. సిగ్గు విడిచి ఏడ్చాను. "అగలే సాల్ ఆనా, బేటీ" అన్నాడు అక్కడున్న పెద్దాయన. పాపం, మంచిగానే అన్నాడు. వచ్చే ఏడు నేను పనికిరానని ఆయనకు తెలీదు.

తిరుగుదారిలో రైలు గేటు మీదుగానే వచ్చాను, కావాలనే. ఒట్టూ లేదు, గిట్టూ లేదు అనుకున్నాను. వీధి మొదట్లో అమ్మ నిలబడి ఉంది, కాళ్లకు చెప్పుల్లేవు. డ్యూటీ దిగి వచ్చిన పక్కింటి బాబాయి నన్ను కంపెనీ ముందు చూశానని చెప్పాడట. అమ్మ నా చేతులూ కాళ్లూ తడిమింది. అంతా తడిమి చూసుకున్నాక చెంప మీద ఒక్కటిచ్చింది.

"గేటు కాడికి ఎల్లనని ఒట్టేశావా లేదా?"

"గేటు మీంచి ఎల్లుంటే టైముకే సేరేదాన్ని! నీ మాట వినే నాశనమైపోయాను!" ఆ రోజు తెలుగులోనే అరిచాను.

"ఏ గేటే?"

"పట్టాల గేటు!"

"అది ఫాటక్కు గదే..." అని అమ్మ అక్కడే రోడ్డు మీద కూలబడింది.

అమ్మ పుట్టింటివాళ్లంతా కంపెనీ పనివాళ్లు. వాళ్ల నోట గేటంటే కంపెనీ గేటే, రైలు గేటు ఫాటక్కు. పెళ్లయి ఇన్నేళ్లయినా అమ్మ ఆ మాట మార్చుకోలేదు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. నేను పుట్టకముందే మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, లారీ కింద పడి పోయాడని తెలుసు. ఎక్కడన్నది ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం అమ్మ చెప్పింది. కంపెనీ గేటు ముందే, సైకిలు మీద వస్తూ, షిఫ్టు వదిలిన జనంలో.

నాకు జాలేసింది. కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

సెలక్షన్లు ఏమయ్యాయని అమ్మ ఆ రోజు అడగలేదు, ఆ తరవాతా అడగలేదు. నేనిప్పుడు ఒక బట్టల కొట్లో పనిచేస్తున్నాను. ఏటా ఆ రోజు అమ్మ తలంటుకుని అమ్మవారికి పాయసం వండుతుంది, పిల్ల ప్రాణాలతో ఇల్లు చేరిన రోజని. "తినే, నీ కోసరమే సేశాను" అని గిన్నె నా చేతిలో పెట్టి, నేను తినేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంటుంది. బాగుందని చెప్పి మొత్తం తింటాను.